పంప్ ఖరాబ్

నాకు ముక్కు మీద కోపం. తెలుగు, హిందీ రాష్ట్రాల సరిహద్దులోని కుంట ఊళ్లో నా కారం గిర్నీకి వచ్చే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మిరపకాయలు సరిగ్గా ఎండకముందే తెచ్చిన వాళ్లను నేనెన్ని మాటలంటానో, ఎన్ని భాషల్లో అంటానో, ఇళ్లకు పోయి నాలాగే చేసి చూపించుకుని నవ్వుకుంటారట. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి దిగుతాను. మరీ ఒళ్లు మండితే గోండీకి చుట్టమైన దొర్లీ భాష. మా అమ్మ మాత్రం, పొద్దస్తమానం కారం పీల్చేవాడు చల్లగా ఎట్లా ఉంటాడని నన్ను వెనకేసుకొస్తుంది.

నా బండికి కూడా గిర్నీ వాసనే. ఏడుగురు పట్టే పాత డీజిల్ బండి. ఒక రోడ్డు కాంట్రాక్టరు వాడినంత కాలం వాడి వదిలించుకుంటే నేను తగిలించుకున్నాను. మిరప బస్తాలు మోసి మోసి దాని సీట్లలోకి కారం ఇంకిపోయింది. ఎన్నిసార్లు దులిపినా పోదు. ఎక్కినవాళ్లు తుమ్ముతూ ఎక్కి, తుమ్ముతూ దిగుతారు. పెళ్లికని ఒకసారి అడిగి తీసుకుపోయిన వాళ్లు రెండోసారి అడగరు.

ఆ వేసవిలో బండికి కొత్త రోగం పట్టుకుంది. చదునులో బాగానే పోయేది. ఎత్తు వస్తే చాలు, ఎగిరెగిరి పడి ఆగిపోయేది. కాసేపు వదిలేసి మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. కుంట మెకానిక్ ఫిల్టరు అన్నాడు, నాకూ అదే అనిపించింది. మార్చాం. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే వరస. డీజిల్‌లో నీళ్లు కలిశాయేమోనని ట్యాంకు దింపి కడిగించాం. ఆ తర్వాత భద్రాచలం పోయి వచ్చినా ఒక్కసారి కూడా ఆగలేదు. రోగం కుదిరిందని ఇద్దరం అనుకున్నాం.

కుదరాలి కూడా. ఎందుకంటే ఆ బండిలో అమ్మను చింతలనార్ సంతకు తీసుకుపోవాలి. అక్కడికి మా చిన్నమ్మ వస్తోంది.

చిన్నమ్మ అంటే అమ్మకు సొంత చెల్లెలు. చింతలనార్ అవతల, వాగు దాటి అడవిలోకి నడిచిపోయే ఒక ఊరికి కోడలుగా పోయింది. అక్కాచెల్లెళ్లు ఆఖరిసారి చూసుకున్నప్పుడు నేను నిక్కర్లు తొడుక్కునే వయసులో ఉన్నాను. ఆ తర్వాత నక్సలైట్లకూ పోలీసులకూ గొడవలు మొదలయ్యాయి. రోడ్డు తవ్వేశారు, బస్సులు ఆగిపోయాయి. లోపలివాళ్లు బయటికి రావాలన్నా బయటివాళ్లు లోపలికి పోవాలన్నా ప్రాణాల మీది మాటే. మేమూ ఊరు వదిలి కుంటకు వచ్చేశాం. వాళ్లిద్దరి నడుమ ఒక తమ్ముడు ఉండేవాడు. మా మామయ్య. అతను జ్వరంతో పోయినప్పుడు చిన్నమ్మకు కబురు అందేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే అమ్మ ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

ఇప్పుడు రోడ్డు పడింది. పోలీసు క్యాంపులు పడ్డాయి, బస్సు పోతోంది. చిన్నమ్మ ఊళ్లో మాత్రం ఫోను పలకదు. కుంట నుంచి వారం వారం ఆ సంతకు ఉప్పు, ఎండుచేపలు, నా గిర్నీ కారం తీసుకుపోయే ఒక వ్యాపారి ఉన్నాడు. అతని నోటనే కబుర్లు అటూ ఇటూ తిరిగాయి. చివరికి అతను తెచ్చిన మాట ఇది. వచ్చే సంతకు చిన్నమ్మ వస్తుంది. అయితే పొద్దు వాలకముందే తిరిగి బయల్దేరాలి, లేకపోతే చీకటిలోపల ఊరు చేరలేదు. వానలు దిగితే వాగు పొంగుతుంది, ఇక దసరా దాటితే గాని ఆమె సంత మొహం చూడదు. అప్పటికే సాయంత్రాలు మబ్బు కమ్ముతోంది. అంటే ఈ సంత తప్పితే మళ్లీ దసరా తర్వాతే.

"అప్పటిదాక ఎవరుంటరో, ఎవరు పోతరో," అంది అమ్మ. తమ్ముణ్ని తలుచుకునే అందని నాకు తెలుసు.

ఆ పొద్దున అమ్మ నాకంటే ముందే తయారై బండి పక్కన నిలబడింది. దాచుకున్న చీర కట్టుకుంది. చెల్లెలికి మామిడి తాండ్ర, ఒక రవిక గుడ్డ, నా గిర్నీ కారం మూట కట్టుకుంది. ఎర్రబోరు ఊరు దాటేదాకా నోరు ఆగలేదు. చిన్నమ్మను చంకనేసుకుని తిప్పిన సంగతి, ఇద్దరికీ ఒకటే దువ్వెన ఉంటే దానికోసం జుట్టు పట్టుకున్న సంగతి, మధ్య మధ్య తుమ్ములు. దోర్నాపాల్‌లో హైవే వదిలి లోపలి రోడ్డు ఎక్కగానే మాత్రం మాటలు ఆగిపోయాయి. కిటికీలోంచి అడవిని చూస్తూ, ఇక్కడ ఫలానా చెట్టుండాలి, ఇక్కడ ఫలానా గుడిసె ఉండాలి అని తనలో తనే అనుకుంటోంది. క్యాంపు దగ్గర బండి ఆపి ఎక్కడికని అడిగితే, నేను నోరు తెరిచేలోపే "చెల్లె దగ్గరికి" అని తెలుగులో చెప్పేసింది. ఆ జవానుకు ఏమర్థమైందో ఏమో, నవ్వి పొమ్మన్నాడు.

ఆ క్యాంపు దాటి కొంత దూరం పోయాక ఒక కల్వర్టు, దాని తర్వాత చిన్న ఎత్తు. ఎత్తు సగంలో బండి ఎగిరింది. మళ్లీ ఎగిరింది, దగ్గింది, ఆగింది. వెనక్కి దొర్లించి కల్వర్టు పక్కన పెట్టాను.

కాసేపు ఆగితే స్టార్టవుతుందని అలవాటైన నమ్మకం. ఆగాను. కాలేదు. బానెట్ ఎత్తాను. ఈ పాత డీజిల్ బండ్లలో ఇంజను పక్కన ఒక చిన్న పంపు ఉంటుంది. ట్యాంకులోంచి డీజిల్‌ను లాగి ఇంజను వైపు తోయడం దాని పని. దాని నెత్తి మీద చేత్తో నొక్కే గుండీ ఒకటి ఉంటుంది. గాలి పట్టినప్పుడు దాన్ని నొక్కుతూ పోతే డీజిల్ నిండి, గుండీ గట్టిపడి, బొటనవేలును వెనక్కి తోస్తుంది. ఆ రోజు ఎంత నొక్కినా అది మెత్తగా లోపలికి పోతోంది, మెత్తగా పైకి వస్తోంది. కింద నుంచి చుక్క రావడం లేదు. రోగం ఫిల్టరుది కాదు, ట్యాంకుది కాదు. ఇన్నాళ్లూ ఈ పంపే చస్తూ బతుకుతూ నడిపించి, చూసి చూసి ఈ రోజే చచ్చింది. నాకొచ్చిన తిట్లన్నీ మూడు భాషల్లో దానికి సమర్పించుకున్నాను.

ఫోను తీస్తే సిగ్నల్ లేదు. రెండు క్యాంపుల నడుమ ఆ పట్టీ అంతా అంతే. సంత వైపు పోయే పికప్ ఒకటి వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. లోపల, వెనక, పైన మనుషులే, కాలు మోపే సందు లేదు. అమ్మను ఎక్కించుకొమ్మంటే డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. సరే, కబురైనా మోయమన్నాను. కుంట ఉప్పు వ్యాపారికి చెప్పు, మేం దారిలో ఉన్నాం, ఆమెను ఉండమను అని చెప్పి, ఏమైందని అతనడిగితే హిందీలో చెప్పాను. "గాడీ మే తేల్ నహీ ఆ రహా, పంప్ ఖరాబ్ హై." బండికి డీజిల్ అందడం లేదు, పంపు చెడిపోయింది అని. వెంటనే ఎదురుగా దోర్నాపాల్ పోయే బస్సు వస్తే, దాని కండక్టరుకూ అవే మాటలు చెప్పి, బస్టాండు దగ్గరి మెకానిక్‌ను తొందరగా పంపమన్నాను.

ఆ తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. నాకు చేతకాని పని అదొక్కటే. కాలు కాలిన పిల్లిలా బండి చుట్టూ తిరిగాను. బానెట్ ఎత్తాను, దించాను. టైరును తన్నాను. గుండీ నొక్కాను. కల్వర్టు మీద కూర్చున్నాను, లేచాను. సంత రోజు దారి తీరు ఎవరికైనా తెలిసిందే. పొద్దున బండ్లన్నీ సంతకు, మధ్యాహ్నం తర్వాత అన్నీ ఇళ్లకు. సంతకు పోయే వాటిలో మా వెనక ఇంకేమీ రాలేదు. ఒకటీ అరా మోటారు సైకిళ్లు పోయాయి, ఒక్కోదాని మీద ముగ్గురు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అమ్మ సీట్లో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నేను బానెట్ దించినప్పుడల్లా "అయిందా?" అని అడుగుతోంది. మొదట్లో అవుతుందమ్మా అన్నాను. తర్వాత మళ్లీ బానెట్ ఎత్తేవాణ్ని.

మెకానిక్ వచ్చేసరికి నీడలు తూర్పుకు తిరిగాయి. మోటారు సైకిలు వెనక సీటు ఉండాల్సిన చోట ఇనుప క్యారియర్ బిగించుకున్నాడు. దాని మీద తెల్ల డబ్బా కట్టుకొచ్చాడు. పంపు డబ్బాలో పెట్టి తెచ్చాడేమిటా అనుకుంటూ ఎదురు పోయాను. అతను డబ్బా దింపి, నా బండి ట్యాంకు మూత ఎక్కడుందని అడిగాడు. డబ్బా నిండా డీజిల్.

ట్యాంకు మూత తీసి, అంచుదాకా నిండి ఉన్న డీజిల్ చూపించి, పంపు తెమ్మంటే నూనె తెస్తావా అని అరిచాను. అతనికీ రోషం వచ్చింది. కండక్టరు చెప్పిన మాట తేల్ నహీ, పంప్ ఖరాబ్ అనీ, పొద్దుట్నుంచి కరెంటు లేక దారిలో పంప్ నిజంగానే మూసి ఉందనీ, అందుకే నీకు డీజిల్ దొరకలేదనుకున్నాననీ అన్నాడు. అప్పటికి గాని నాకు వెలగలేదు. మనకు డీజిల్ పోసే చోటు బంకు. పంపంటే ఇంజనులోదే. హిందీవాళ్లకు బంకు కూడా పంపే. నేను తెలుగు పంపును హిందీ మాటల్లో చుట్టి పంపించాను. వాళ్లు విప్పి చూస్తే లోపల బంకు కనబడింది. మూడు భాషల్లో తిట్టగలనని మురిసిపోయే నాకు ఒక్క మాట సరిగ్గా చేరవేయడం చేతకాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

అతను గుండీ రెండుసార్లు నొక్కి చూసి, పంపు పోయిందని ఒప్పుకున్నాడు. ఇది దొరికే రకమేనని, పోయి తెస్తానని అన్నాడు. అమ్మ కిందికి దిగి వచ్చి, ఆ క్యారియర్ మీద తనను కూర్చోబెట్టుకుని ముందు సంతలో దింపమని అడిగింది. అతను ఆ ఇనుప చువ్వలను చూపించి, దీని మీద బస్తా కూడా నిలవదమ్మా అన్నాడు. పైగా సంత ఒక దిక్కు, పంపు ఒక దిక్కు. నేను ఇంకా బుసలు కొడుతూనే, ఆ డీజిల్ డబ్బా కూడా మోసుకుపొమ్మన్నాను. మళ్లీ కట్టుకుని పోయాడు.

కాసేపటికి చూస్తే సీట్లో అమ్మ లేదు. రోడ్డు మీద ఎత్తెక్కి మూట చంకన పెట్టుకుని చింతలనార్ వైపు నడిచిపోతోంది. పరుగెత్తి పట్టుకున్నాను. ఈ ఎండలో నడిచి చేరేది కాదని చెప్పాను. చెయ్యి విడిపించుకుంది.

"నువ్వు ఇంజను కాడ ఉండు. నేను పోయినంత దూరం పోత. అది కూడ ఇటు నడిస్తే నడుమ దొరుకుతది గద."

ఆమెను వెనక్కి తీసుకురావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బండి నీడలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తాగలేదు. పొద్దు వాలుతోంది. సంత నుంచి తిరిగొచ్చే బండ్లు మొదలయ్యాయి. ఒక్కోటి దాటినప్పుడల్లా, సంతలో జనం పలచబడుతున్నారని, చిన్నమ్మ బుట్ట ఎత్తుకుని వాగు వైపు తిరిగి ఉంటుందని అనుకునేవాణ్ని. వ్యాపారికి కబురు చేరిందో లేదో, చేరితే అదీ ఏ రూపంలో చేరిందో. అమ్మ మొహం చూడలేక ఇంజనులో తల దూర్చి నిలబడ్డాను.

ఒక ట్రాక్టరు వచ్చి కల్వర్టు ముందు ఆగింది. తొట్టిలోంచి ఒకామె దిగింది. సన్నగా, నల్లగా, మోకాళ్ల కిందిదాకా కట్టిన చీర, నెత్తిన ఖాళీ బుట్ట. రెండు చేతుల్లోనూ కూల్‌డ్రింకు సీసాలు. వాటికి మూతల్లేవు, నోట్లో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. ఎవరో ఇంటికి డీజిల్ కొనుక్కుపోతున్నారనుకున్నాను. నా పక్కన అమ్మ లేచి నిలబడింది. మూట కింద పడిపోయింది.

ఆమె గబగబా వచ్చి అమ్మ ముందు ఆగి, సీసాలు రెండూ ముందుకు చాపింది.

"అక్కా, బండిల తేల్ లేదన్రు. తెచ్చిన."

అమ్మ ఏడవలేదు. చెల్లెలి గడ్డం పట్టుకుని అటు ఇటు తిప్పి చూసి, "ఇంత చిక్కిపోయినవేందే," అని కసిరింది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి అట్లాగే ఉండిపోయారు. సీసాలు చిన్నమ్మ చేతుల్లోనే ఉన్నాయి, అమ్మ వీపు వెనక. నేను చేతికి నూనె అయిందని తుడుచుకుంటూ అటు తిరిగాను.

పికప్ డ్రైవరు మోసిన మాట కూడా అదే రూపంలో చేరిందన్నమాట. బండిలో తేల్ లేదు, పంప్ ఖరాబ్. వ్యాపారి దాన్ని గోండీలోకి మార్చి చిన్నమ్మకు చెప్పాడు. వాళ్లను అక్కడే ఉండనియ్యి, నేనే పోతానంది. అక్క కోసం బుట్టలో తెచ్చిన సారపప్పు ఇచ్చేసి డీజిల్ తీసుకుంది. ఆమె తెలుగు చాలావరకు తుప్పు పట్టింది. గోండీ మాటల మధ్య ఒక్కో తెలుగు మాట వెతుక్కుంటూ ఇదంతా అమ్మకు చెబుతుంటే నేను వింటున్నాను. వింటుంటే ఇంకో భయం పట్టుకుంది. ఆమె తన ఊరికి ఎదురు దిక్కున ఇంత దూరం వచ్చేసింది. చేతిలో డీజిల్ ఉంది కాబట్టి బండి నడుస్తుందని, తనను మళ్లీ వాగు దాకా దింపుతుందని నమ్మి వచ్చింది. ట్యాంకు నిండుగానే ఉంది చిన్నమ్మా, నువ్వు తెచ్చింది పోసినా బండి కదలదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు.

"ఇప్పుడే పొయ్యకూడదు చిన్నమ్మా, బండి చల్లారాలి," అన్నాను. ఆమె తలూపి, సీసాలు నీడలో జాగ్రత్తగా పెట్టింది.

మెకానిక్ వచ్చాడు. ఈసారి గుడ్డలో చుట్టిన పంపుతో. కోపం ఇంకా పోలేదు, నా మొహం చూడకుండానే పనిలోకి దిగాడు. పాత పంపు విప్పాడు, కొత్తది బిగించాడు, పైపులు తగిలించాడు. ఫిల్టరు విప్పి చూస్తే లోపల ఎండిపోయి ఉంది. దాన్ని డీజిల్‌తో నింపి బిగిస్తేనే గాలి తొందరగా పోతుంది, లేకపోతే గుండీ నొక్కుతూ పొద్దుపోతుంది అన్నాడు. ట్యాంకులోంచి తీయడానికి గొట్టం లేదు. తన డబ్బా ఏదంటే, నువ్వే కదా తీసుకుపొమ్మన్నది అన్నట్టు మొదటిసారి నా వైపు చూశాడు.

చిన్నమ్మకు హిందీ రాదు. ఖాళీ ఫిల్టరు మాత్రం చూసింది. నీడలోంచి ఒక సీసా తెచ్చి, గుడ్డపీలిక పీకి, అతని చేతిలో పెట్టింది.

అతను సీసాను వెలుతురుకు పెట్టి చూసి, పీలికనే అడ్డం పెట్టి వడగట్టి ఫిల్టరు నింపాడు. బిగించి, పైన ఒక బోల్టు వదులు చేసి గుండీ నొక్కడం మొదలుపెట్టాడు. బుడగలు, నురుగు, మళ్లీ బుడగలు. ఫిల్టరు మళ్లీ విప్పి సీసాలో మిగిలినదీ పోశాడు, చాలకపోతే చిన్నమ్మ రెండోదీ అందించింది. ఆఖరికి బుడగల్లేకుండా సన్నటి డీజిల్ ధార వచ్చింది. బోల్టు బిగించాక నేను నొక్కి చూస్తే గుండీ నా బొటనవేలును వెనక్కి తోసింది. తాళం తిప్పాను. బండి ఒకసారి వణికి, నల్లగా పొగ ఊది, అందుకుంది. నాకు ఆ మోత కన్నా చిన్నమ్మ మొహమే ఎక్కువ గుర్తుంది. చూసినవా అన్నట్టు అక్క మోచేతిని పొడిచింది.

మెకానిక్‌కు నేను చెప్పాల్సిన మాట ఏ భాషలోనూ కుదరలేదు. తుడుచుకోవడానికి గుడ్డ అందించాను. అతను తీసుకున్నాడు. దానితో సరిపెట్టుకున్నాం.

సంత ఎత్తేసిన చింతలనార్‌లోంచి బండిని వాగు దాకా పోనిచ్చాను. ఎత్తు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను గాని, అది ఎక్కడా దగ్గలేదు. వెనక సీట్లో ఇద్దరూ ఒకరు ఆపితే ఒకరు తుమ్ముతున్నారు, తుమ్ముల మధ్య పోయిన మామయ్య గురించి మాట్లాడుకుంటున్నారు. ఏడ్చారో, కారం ఘాటో నాకు తెలియదు. వాగులో నీళ్లు ఇంకా చీలమండల దాకానే ఉన్నాయి. సంత నుంచి వాగు దాకా నడక తప్పింది గనక, చీకటిలోపల ఊరు చేరేంత వెలుతురు ఉండగానే చిన్నమ్మ దిగింది. తాండ్ర, కారం మూట, రవిక గుడ్డ బుట్టలో సర్దుకుంది. ఖాళీ సీసాలు రెండూ అడిగి తీసుకుంది.

"మల్ల తేల్ అయిపోతే కబురు పెట్టు అక్కా," అంది. "తెస్త."

వాగు దాటి, అవతల గట్టెక్కి, చెట్లలోకి పోయేదాకా చూశాం.

ఆ ఏడు వానలు ఎక్కువే పడ్డాయి. వాగు పొంగి, సంతకు ఆ వైపు వాళ్లు చాన్నాళ్లు రాలేదు. బండి మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. దసరా పోయాక ఉప్పు వ్యాపారి గిర్నీకి వచ్చి, సంతకు పోతున్నా, చిన్నమ్మకు ఏమన్నా చెప్పాలా అని అడిగాడు. నేను జల్లెడ పడుతూ, మంచి రోజు చూసి వస్తామని చెప్పమనబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"పంప్ ఖరాబ్ అని చెప్పు," అంది వ్యాపారితో.

"బండి బాగానే ఉంది గదమ్మా," అన్నాను.

"బండి సంగతి నిన్నెవరడిగిన్రు?" అంది.